కథ కోసమా, ఫైట్ల కోసమా: టర్న్ బేస్డ్ ఆర్పీజీ ఎంచుకునే ముందు

టర్న్ బేస్డ్ ఆర్పీజీ (ఒక పాత్రగా కథలో సాగుతూ, ఫైట్లలో వంతులవారీగా కొట్టుకునే వీడియో గేమ్) ఏది ఆడాలి అని అడగ్గానే ఎదుటివాళ్లు వేసే మొదటి ప్రశ్న ఒకటుంది: "నీకు కథ ముఖ్యమా, కాంబాట్ ముఖ్యమా?" ఎక్కువమంది ఆలోచించకుండా "కథే" అంటారు. అబద్ధమేం కాదు. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఆట కొన్నవాళ్లలో చాలామంది సగంలో వదిలేస్తుంటారు, కథ బాగున్నా సరే. అరవై గంటల ఆటలో మనసుని కదిలించే సీన్లన్నీ కలిపి చూసుకుంటే కొద్ది గంటలే ఉంటాయి. మిగతా సమయమంతా గుహల్లో, అడవుల్లో, అడుగడుగునా అడ్డొచ్చే చిన్నాచితకా శత్రువులతో గడిచిపోతుంది. ఆ ఫైట్లు విసుగనిపిస్తే ఎంత గొప్ప కథైనా మిమ్మల్ని చివరిదాకా లాక్కెళ్లలేదు.

కాంబాట్ ఇష్టమనేవాళ్లకి ఇదే చిక్కు అటువైపు నుంచి వస్తుంది. ఫైట్లు అద్భుతంగా ఉంటాయని విని మొదలుపెడతారు. తీరా చూస్తే మొదటి రెండు మూడు గంటలు డైలాగులు నొక్కుకుంటూ పోవడమే పని.

అందుకని నేనిచ్చే సలహా ఇది. ఆటకి పేరు తెచ్చిన సీనో, యూట్యూబ్‌లో తిరిగే బాస్ (పెద్ద శత్రువు) ఫైటో చూసి నిర్ణయించుకోవద్దు. ఆ ఆటలో ఏ విశేషమూ లేని ఒక మామూలు గంట ఎలా గడుస్తుందో చూడండి. ఆ గంటలో ఎన్ని ఫైట్లు, ఎంత మాట, ఎంత నడక, ఎంతసేపు మెనూల్లో ఉండాలి. ఆ గంట నచ్చితే ఆట మొత్తం నచ్చుతుంది. కింద నేను పోల్చిన ఆటలన్నిటినీ ఆ కొలతతోనే పోల్చాను.

ముందు మీ చెయ్యి ఏం చేస్తోందో చూడండి

ఏది ఇష్టమని మనల్ని మనం అడిగితే గొప్పగా వినిపించే జవాబే ముందు వస్తుంది. అలవాట్లు చూసుకోవడం మేలు. డైలాగ్ వినిపించడం పూర్తికాకముందే బటన్ నొక్కేస్తున్నారా? కొత్త ఊళ్లోకి వెళ్లగానే ప్రతి ఇంట్లోకీ దూరి అందరినీ పలకరిస్తారా, లేక నేరుగా ఆయుధాల కొట్టుకి వెళ్తారా? కొత్త స్కిల్ రాగానే దాన్ని ఎవరిమీదైనా ప్రయోగించి చూడాలని చెయ్యి దురద పెడుతుందా?

ఓడిపోయినప్పుడు ఏమనిపిస్తుంది అన్నది వీటన్నిటికంటే గట్టి పరీక్ష. గెలిస్తే అందరికీ బాగానే ఉంటుంది. ఇరవై నిమిషాలు పోరాడాక బాస్ మీ పార్టీ (జట్టు) మొత్తాన్ని ఒక్క దెబ్బతో పడగొట్టాడనుకోండి. కొంతమందికి అప్పుడే బుర్ర పనిచేయడం మొదలవుతుంది. ఆ దెబ్బకి ముందు వాడు ఒక టర్న్ ఊరికే ఉన్నాడు కదా, అప్పుడు అందరితో డిఫెండ్ చేయిస్తే? హీలర్‌కి ఆ ఉంగరం తీసేసి ఇది పెడితే? ఆట కట్టేసి పడుకున్నా అదే ఆలోచన. పైకి కథే ఇష్టమని చెప్పినా వీళ్లు కాంబాట్ మనుషులే. ఇంకొంతమందికి మాత్రం "అబ్బా, మళ్లీ మొదట్నుంచా? తర్వాత ఏమైందో చెప్పొచ్చు కదా" అనిపిస్తుంది. వీళ్లకి ఫైట్ అంటే కథకి అడ్డంగా కట్టిన గోడ. ఇందులో తక్కువతనం ఏమీ లేదు. కష్టమైన ఆటలే అసలైన ఆటలు అనే మాటని పట్టించుకోకండి.

మూడో రకం కూడా ఉంది. వీళ్లకి ఫైట్ కంటే ఫైట్‌కి సిద్ధం కావడం ఇష్టం. ఏ జాబ్‌తో (పాత్ర వృత్తితో) ఏ జాబ్ కలిపితే ఏమవుతుంది, ఏ నగ పెడితే స్పీడ్ పెరుగుతుంది అని గంటలు గంటలు మెనూల్లో కూర్చుంటారు. అసలు ఫైట్ వాళ్ల లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికే. గ్రైండింగ్ (లెవెల్స్ కోసం అవే ఫైట్లు మళ్లీ మళ్లీ చేయడం) అంటే అందరూ మొహం చిట్లిస్తారు గానీ, రోజంతా పనిచేసి వచ్చాక ఓ గంట తీరిగ్గా లెవెల్స్ పెంచుకోవడం వీళ్లకి విశ్రాంతి. ఇలాంటివాళ్లకి బ్రేవ్లీ డిఫాల్ట్ పేరు చెప్పి పక్కకి తప్పుకుంటే చాలు. అందులో జాబ్‌లు మార్చుకుంటూ, ఒకదాని స్కిల్స్ ఇంకోదానికి తగిలిస్తూ కాలం తెలియకుండా గడిపేయొచ్చు. దారిలో శత్రువులు ఎంత తరచుగా ఎదురుపడాలో కూడా ఆటలోనే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపేయొచ్చు. దాని కథలో రెండో సగం మాత్రం చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తుంది. కథ కోసం వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఒకే కంపెనీ, రెండు ఆటలు

వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కంపెనీలు చేసిన ఆటల్ని పోలిస్తే బొమ్మలు, సంగీతం, బడ్జెట్ అన్నీ కలిసి లెక్క తప్పుతుంది. ఒకే చేతి నుంచి వచ్చిన రెండు ఆటల్ని పక్కపక్కన పెడితే మీ మొగ్గు ఎటుందో త్వరగా తేలుతుంది. అలాంటి జంటలు మూడు నాకు బాగా పనికొస్తాయి.

మొదటిది అట్లస్ వాళ్ల పర్సోనా 5, షిన్ మెగామి టెన్సే 3: నాక్టర్న్. పర్సోనా 5 జపాన్‌లో 2016లో వచ్చింది. దాని పెంచిన రూపం రాయల్ 2019లో వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లు రాయల్ కొనడమే మంచిది. అందులో మామూలు గంట ఎలా ఉంటుందంటే: బడి, బడి అయ్యాక ఒక పని, రాత్రి ఇంకో పని. ఏ స్నేహితుడితో గడపాలి, పరీక్షకి చదువుకోవాలా, పార్ట్ టైమ్ ఉద్యోగానికి వెళ్లాలా. ఫలానా తేదీలోపు డంజన్ (శత్రువులతో నిండిన చిక్కుదారుల చోటు) పూర్తిచేయాలి అన్న గడువు నెత్తిమీద ఉంటుంది. డంజన్‌లో దిగితే ఫైట్లు చకచకా సాగిపోతాయి. శత్రువు బలహీనత కనిపెట్టి కొడితే వాడు కిందపడతాడు, మీకు ఇంకో అవకాశం వస్తుంది, అందరూ కిందపడితే కలిసికట్టుగా మీదపడొచ్చు. మళ్లీ బయటికొస్తే రోజుల తరబడి ఒక్క ఫైట్ కూడా ఉండకపోవచ్చు. వంద గంటలు తేలిగ్గా పడుతుంది. మొదటి కొన్ని గంటలు ఆట మీ చెయ్యి పట్టుకుని నడిపిస్తూనే ఉంటుంది, ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వదు. అది ఓపిగ్గా దాటాలి.

నాక్టర్న్ 2003 నాటిది. ప్రపంచం అంతమైపోయాక మిగిలిన టోక్యోలో మొదలవుతుంది. మాట తక్కువ, మనుషులు ఇంకా తక్కువ. దాని గుండెకాయ ప్రెస్ టర్న్ అనే పద్ధతి. దాన్ని కాస్త దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే కాంబాట్ రుచి ఉన్నవాళ్లకి ఆ రుచి ఎందుకు కలుగుతుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. మీ జట్టులో నలుగురుంటే పైన నాలుగు గుర్తులు వెలుగుతాయి. ఒక్కో పనికి ఒక్కో గుర్తు ఖర్చవుతుంది. శత్రువు బలహీనత మీద కొడితే సగమే ఖర్చు, అంటే అన్నీ కలిసొస్తే నాలుగు టర్న్‌లు ఎనిమిదవుతాయి. దెబ్బ తప్పిపోతే మాత్రం రెండు గుర్తులు పోతాయి. శత్రువు మీ దాడిని పీల్చేసుకుంటే, లేదా తిప్పికొడితే, మిగిలినవన్నీ పోతాయి. ఇవే నియమాలు శత్రువుకీ వర్తిస్తాయి.

ఇప్పుడు ఆట మొదట్లోనే ఎదురయ్యే మాటడోర్ అనే బాస్‌ని చూడండి. పుర్రె మొహం, ఎర్ర గుడ్డ, కత్తి. వాడు రెడ్ కాపోటె అనే స్కిల్ వేసుకుని దెబ్బలు తప్పించుకునే శక్తిని ఒక్కసారిగా పైకి పెంచేస్తాడు. మీరు కొడతారు, తప్పుతుంది, రెండు గుర్తులు పోతాయి. మళ్లీ కొడతారు, మళ్లీ తప్పుతుంది. నలుగురున్న జట్టు, ఇద్దరు చెయ్యెత్తేసరికి టర్న్ అయిపోయింది. వాడి వంతు వస్తుంది. అందరినీ ఒకేసారి కొట్టే గాలి దాడి వేస్తాడు. మీ జట్టులో గాలికి బలహీనపడే డీమన్ (మీ పక్షాన పోరాడే భూతం) ఒక్కటున్నా వాడికి అదనపు అవకాశం దొరుకుతుంది. పైగా హీరో పడిపోతే మిగతా ముగ్గురూ నిక్షేపంగా ఉన్నా ఆట ముగిసినట్టే. లెవెల్స్ పెంచుకుని వెళ్లినంత మాత్రాన పెద్దగా లాభముండదు. గాలి దాడి తట్టుకునే డీమన్లని కూడగట్టుకోవాలి, మీ గురిని పెంచే స్కిల్సో, వాడి చురుకుని తగ్గించే స్కిల్సో పట్టుకెళ్లాలి. అప్పటిదాకా పనికిరావనుకుని పక్కన పడేసిన స్కిల్సే ఆటంతటికీ ఆధారమని ఆ ఒక్క ఫైట్‌లో తెలిసొస్తుంది.

ఇది చదువుతుంటే "భలే ఉందే" అనిపించిందా, "ఎందుకొచ్చిన తలనొప్పి" అనిపించిందా? ఆ జవాబుని నమ్మండి. రెంటికీ మధ్యలో ఉన్నామనుకుంటే అదే కంపెనీ 2024లో తెచ్చిన మెటఫర్: రీఫాంటాజియో ఉంది. క్యాలెండరూ స్నేహాలూ పర్సోనా నుంచి, ప్రెస్ టర్న్ పద్ధతి నాక్టర్న్ నుంచి తీసుకుంది. మీకంటే బాగా బలహీనమైన శత్రువుల్ని టర్న్‌లలోకి వెళ్లకుండా దారిలోనే కొట్టిపడేయొచ్చు. మామూలు గంటని తేలిక చేయడానికి ఈమధ్య ఎవరైనా చేసిన ఏర్పాట్లలో నాకు బాగా నచ్చింది ఇదే.

రెండో జంట ఫైర్ ఎంబ్లమ్ సిరీస్ నుంచి: 2019 నాటి త్రీ హౌసెస్, 2023 నాటి ఎంగేజ్. త్రీ హౌసెస్‌లో మీరు ఒక మఠంలో టీచర్. మూడు హౌసుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి, ఆ పిల్లల్ని పెంచి పెద్దచేయాలి. వాళ్లతో టీ తాగడం, పోయిన వస్తువులు వెతికి ఇవ్వడం, క్లాసులు చెప్పడంతోనే ఆటలో పెద్ద భాగం గడిచిపోతుంది. తర్వాత యుద్ధం వచ్చినప్పుడు అవతలి పక్షంలో నిలబడ్డవాడు మీరు టీ ఇచ్చిన పిల్లాడే కావచ్చు. ఆ బాధ కోసమే ఆ ఆట. ఎంగేజ్ కథ చాలా సాదా. మంచివాళ్లు, చెడ్డవాళ్లు, వెతకాల్సిన ఉంగరాలు. కానీ యుద్ధభూమిలో ప్రతి అడుగూ ఆలోచించి వేయాలి. కత్తి గొడ్డలి మీద, గొడ్డలి ఈటె మీద, ఈటె కత్తి మీద పైచేయి. సరైన ఆయుధంతో కొడితే శత్రువు చేతిలోని ఆయుధం జారిపోతుంది, తిరిగి కొట్టలేడు. ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు తర్వాత అన్నది దాంతో పూర్తిగా మారిపోతుంది. రెండూ ఆడినవాళ్లు ఏది బాగుందని వాదించుకోవడం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వాళ్లు మాట్లాడుకునేది ఆట గురించి కాదు, తమ రుచి గురించి.

మూడో జంట లారియన్ వాళ్లది. 2017లో వచ్చిన డివినిటీ: ఒరిజినల్ సిన్ 2, 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3. పాతదాంట్లో నేల కూడా ఆయుధమే. నూనె ఒలకబోసి నిప్పంటించొచ్చు, నీళ్లు చల్లి కరెంటు పారించొచ్చు. శరీరానికి ఒక కవచం, మంత్రాలకి ఒక కవచం వేరువేరుగా ఉంటాయి. అవి పోయేదాకా శత్రువుని కింద పడేయడం, కదలకుండా చేయడం కుదరదు. కాబట్టి జట్టులో ఇద్దరు కత్తులతో, ఇద్దరు మంత్రాలతో కొడుతుంటే సగం శ్రమ వృథా అయినట్టుంటుంది. జట్టు కూర్పు దగ్గర్నుంచే పజిల్ మొదలవుతుందన్నమాట. బాల్డర్స్ గేట్ 3లో బరువు మనుషుల మీదకి మారింది. ఆస్టేరియన్, షాడోహార్ట్, కార్లాక్ లాంటి తోటివాళ్లతో రాత్రి మంట దగ్గర మాట్లాడటానికే ఆట ఆడేవాళ్లున్నారు. మాటల మధ్యలో ఇరవై ముఖాల పాచిక వేయాలి. అది తిరగబడితే కథ ఇంకో దారి పడుతుంది.

బాల్డర్స్ గేట్ 3 గురించి కొనేముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. అందులో దారిలో అస్తమానం ఎదురుపడే చిన్న ఫైట్లు లేవు. ప్రతి ఫైట్‌నీ చేత్తో అమర్చారు, లెవెల్ 12 దగ్గర ఆగిపోతుంది, గ్రైండింగ్ అన్నదే లేదు. కానీ ఫైట్ మొదలైతే అరగంట పట్టొచ్చు. మొదటి భాగంలో పెద్ద ఆడ సాలీడుతో ఫైట్ ఉంటుంది. ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటే చుక్కలు కనిపిస్తాయి. అది గూటి దారాల వంతెన మీద నిలబడినప్పుడు ఆ వంతెనకి నిప్పు పెడితే అంత ఎత్తు నుంచి కిందపడుతుంది. ఆ పని చేసిన ఆటగాడు దాన్ని కాంబాట్‌గానే చెప్పుకోడు, తన కథగా చెప్పుకుంటాడు.

ఫైట్‌లోనే కథ ఉన్న ఆటలు

కథ, కాంబాట్ అని రెండు గదులుగా విడగొట్టి మాట్లాడటం ఎక్కడ కుదరదో అక్కడే ఈ తరహా ఆటల్లో అత్యుత్తమమైనవి ఉన్నాయని నా నమ్మకం. రుచి ఇంకా తెలియని కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది 2001 నాటి ఫైనల్ ఫాంటసీ 10. ఎవరి టర్న్ ఎప్పుడొస్తుందో పక్కన వరుసగా కనిపిస్తుంది, టైమర్ పరిగెత్తదు. మామూలు ఫైట్ ఒకటి చూడండి. ఎదురుగా ఎగిరే పక్షి, గట్టి పెంకున్న జంతువు, జెల్లీలా కదిలే ముద్ద. పక్షిని వాకా బంతితో కొట్టాలి, మిగతావాళ్ల దెబ్బ సరిగ్గా తగలదు. పెంకుని చీల్చేది ఆరన్ కత్తి. ముద్దకి కత్తి దెబ్బ అంటే లెక్కలేదు, లూలూ మంత్రమే పనిచేస్తుంది. ఫైట్ మధ్యలోనే ఒకరిని పక్కకి పంపి ఇంకొకరిని దింపొచ్చు, అందుకు టర్న్ ఖర్చుకాదు. పైగా ఫైట్‌లో ఏదో ఒక పని చేసినవాళ్లకే పాయింట్లు వస్తాయి కాబట్టి అందరినీ దింపాలనిపిస్తుంది. పది గంటలు గడిచేసరికి ఎవరు దేనికి నిలబడతారో మీ చేతికే తెలిసిపోతుంది. కట్‌సీన్లో (ఆట మధ్యలో సినిమాలా నడిచే సీన్లో) వాళ్లు గొడవపడుతుంటే అప్పటికే పరిచయమున్న మనుషులు గొడవపడుతున్నట్టు ఉంటుంది. చిన్న చిన్న ఫైట్లు కథకి ఇంతకంటే ఏం చేయాలి?

పర్సోనా 5లోనూ ఈ ముడి ఉంది, అటు వైపు నుంచి. స్నేహితుడితో గడిపిన సాయంత్రాలు ఫైట్‌లో ఫలితమిస్తాయి. మీకు ప్రాణం పోయే దెబ్బ తగలబోతుంటే ఆ స్నేహితుడు అడ్డుపడతాడు. మీరు మార్కెట్లో తిరిగి నూడుల్స్ తిన్న సీన్ ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

2015 నాటి అండర్‌టేల్ ఇంకో అడుగు ముందుకేసింది. ఎదురైన ప్రతి జీవినీ చంపొచ్చు, లేదా ఏదోలా ఒప్పించి వదిలేయొచ్చు. కమాండ్ మెనూలో మీరు నొక్కేదే కథలో మీరు చేసిన పని. కొద్ది గంటల్లో అయిపోతుంది, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. శత్రువు టర్న్‌లో వచ్చిపడే దెబ్బల్ని వేళ్లతో తప్పించుకోవాలి, అదొక్కటే కొందరికి ఇబ్బంది.

వీటికి పూర్తిగా భిన్నమైన దారి ఒకటుంది. రాసిన కథ దాదాపుగా లేకుండా, ఫైట్లలోంచే కథ పుట్టుకొచ్చే ఆటలు. డార్కెస్ట్ డంజన్‌లో చీకటి సొరంగంలోకి పంపిన వీరుడు టెన్షన్ తట్టుకోలేక తోటివాళ్ల మీద విరుచుకుపడతాడు. పోయినవాళ్లు పోయినట్టే, తిరిగిరారు. బ్యాటిల్ బ్రదర్స్‌లో పొలం పనివాడిని కిరాయి సైనికుడిగా చేర్చుకుని, కన్ను పోగొట్టుకున్నా వదలకుండా, యోధుడిగా తయారుచేసుకోవచ్చు. వీటిలో డైలాగ్ ఎంత అని వెతికితే నిరాశపడతారు. "మా జట్టులో ఒకడుండేవాడు" అని తర్వాత ఎవరికైనా చెప్పుకోవడం ఇష్టమైతే వీటికి మించినవి లేవు.

అటు చివర, ఇటు చివర

కథ ఒక్కటి చాలు, ఫైట్ వద్దే వద్దు అనేవాళ్లకి 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం ఉంది. దాన్ని టర్న్ బేస్డ్ అనడం కష్టమే, అసలు కాంబాట్ వ్యవస్థే లేదు. మీ బుర్రలోని 24 స్కిల్స్ మీతో మాట్లాడుతూ, పోట్లాడుతూ ఉంటాయి, నిర్ణయాలు పాచికలతో తేలతాయి. చదవడం చాలా ఎక్కువ, భాష కూడా బరువైనది. ఇంగ్లీష్ చదివితే అలసిపోయేవాళ్లు దీన్ని తర్వాతకి పెట్టుకోవడం మంచిది.

టర్న్‌లు ఉంటూనే కథ ముఖ్యంగా సాగాలంటే ట్రెయిల్స్ ఇన్ ద స్కై. ఆట ముందుకు జరిగిన ప్రతిసారీ ఊళ్లో ప్రతి మనిషి మాటా మారుతుంది. రొట్టెల దుకాణం అమ్మాయికి కూడా తనదంటూ ఒక కథ ఉంటుంది. మెల్లగా మొదలవుతుంది, చాలా మెల్లగా. సిరీస్‌లో పదికి పైగా ఆటలు ఒకే ప్రపంచంలో సాగుతాయి కాబట్టి ఇది మొదలుపెట్టడమంటే ఏళ్ల తరబడి సాగే సీరియల్ పట్టుకోవడమే. ఫైట్లు తీసిపారేయాల్సినవి కావు. టర్న్‌ల వరుసలో కొన్ని చోట్ల క్రిటికల్ లాంటి బోనస్‌లు ఉంటాయి, అది శత్రువుకి దక్కకుండా మధ్యలో దూరి లాక్కోవచ్చు. మొదటి ఆటకి 2025లో పూర్తిగా కొత్త రూపం వచ్చింది, కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఇటు చివర ఎట్రియన్ ఒడిస్సీ. కథ పేరుకే. మీ జట్టుని మీరే తయారుచేసుకుని, పేర్లు పెట్టుకుని, చిక్కుదారుల అడవిలోకి దిగి, నడిచిన దారిని మీ చేత్తోనే మ్యాప్‌గా గీసుకోవాలి. దారి తప్పినప్పుడు వెనక్కి చేరుకోవడమే అందులో పెద్ద కథ.

ఆక్టోపాథ్ ట్రావెలర్ పేరు ఈ చర్చలో తప్పక వస్తుంది. దాని ఫైట్లు నాకు చాలా ఇష్టం. శత్రువు కవచం సంఖ్య సున్నాకి వచ్చేదాకా బలహీనతల మీద కొట్టడం, టర్న్‌కొకటి చొప్పున వచ్చే బూస్ట్ పాయింట్లు దాచుకోవడం, శత్రువు చతికిలపడ్డ క్షణంలో దాచిందంతా కుమ్మరించడం. ఆ లయ అలవాటైతే వదలబుద్ధికాదు. కథ దగ్గరికొస్తే, ఎనిమిది మంది ఎనిమిది కథలతో కలిసి నడుస్తారు, కానీ ఒకరి కథలో మిగతా ఏడుగురు ఉన్నట్టే అనిపించదు. కలిసి ప్రయాణించే మనుషుల బంధం కోసం ఆర్పీజీ ఆడేవాళ్లకి అది పెద్ద లోటు. 2023 నాటి రెండో భాగంలో ఇద్దరేసి కలిసే కథలు చేర్చారు, కొంత మెరుగు.

ఎవరూ చెప్పని చిన్న విషయాలు

రుచి ఎటున్నా సరే, ఆట మధ్యలో వదిలేయడానికి చాలాసార్లు కారణమయ్యేవి ఇవే.

కట్‌సీన్ దాటేయొచ్చా, ఓడిపోతే ఎక్కడ్నుంచి మొదలవుతుంది? నేను ఇంతగా మెచ్చుకున్న ఫైనల్ ఫాంటసీ 10 అసలు రూపంలో కట్‌సీన్లు దాటేయడం కుదరదు. చివరి భాగంలో యునలెస్కా అనే బాస్ ముందు పొడవైన సీన్ ఉంటుంది. ఆమె మీ వాళ్లని జాంబీలుగా మారుస్తుంది. మామూలు అలవాటుతో వెంటనే నయం చేసేస్తే, మూడో రూపంలో వేసే మరణ మంత్రానికి అందరూ పోతారు, జాంబీలుగా ఉన్నవాళ్లే బతుకుతారు. తెలివైన ఫైటే, కానీ అది తెలుసుకోవడానికి ఓడిపోయిన ప్రతిసారీ ఆ సీన్ మొత్తం మళ్లీ చూడాలి. మెటఫర్‌లో అదే ఓటమి తర్వాత ఫైట్ మొదటికే తీసుకెళ్తుంది. కష్టం ఒకటే అయినా చిరాకులో చాలా తేడా ఉంటుంది.

ఫైట్లు తొందరగా ముగించే ఏర్పాట్లు ఉన్నాయా? పాత ఫైనల్ ఫాంటసీ ఆటలకి ఈ విషయంలో కొత్త ప్రాణం వచ్చింది. పదో భాగం పీసీ రూపంలో ఆట వేగం పెంచుకోవచ్చు, దారిలో శత్రువులు రాకుండా ఆపేయొచ్చు. డ్రాగన్ క్వెస్ట్ 11లో తోటివాళ్లని "తెలివిగా పోరాడండి" అని వదిలేస్తే వాళ్లే చూసుకుంటారు. ఫైట్లు మరీ తేలిక అనిపించేవాళ్లకి అందులోనే శత్రువుల్ని బలపరిచే నియమాలు మొదట్లో ఎంచుకునే వీలుంది. ఒకే ఆట ఇద్దరికీ సరిపోయే అరుదైన సందర్భం అది. కథ మటుకు హాయిగా, నిదానంగా, పెద్దవాళ్లు చెప్పే కథలా సాగుతుంది.

డిఫికల్టీ తగ్గించుకోవడానికి మొహమాటపడకండి. బాల్డర్స్ గేట్ 3లో ఎక్స్‌ప్లోరర్ మోడ్ ఉన్నది కథ కోసం వచ్చినవాళ్లకే. అదే ఆటలో ఆనర్ మోడ్‌లో ఒక్కటే సేవ్, పార్టీ మొత్తం పోతే ఆ మోడ్ అక్కడితో సరి. రెండు మోడ్‌లలో ఆడినవాళ్లు రెండు వేర్వేరు ఆటల గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త. 2025లో వచ్చి అందరి నోటా వినబడ్డ క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 కథ అసాధారణం. ప్రతి ఏడూ ఒక అంకె రాస్తారు, ఆ వయసువాళ్లందరూ మాయమైపోతారు. ఆ అంకె తగ్గుకుంటూ వస్తోంది, దాన్ని ఆపడానికి కొందరు బయల్దేరతారు. అయితే శత్రువు కొట్టేటప్పుడు సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కి తప్పించుకోవాలి, లేదా అడ్డుకోవాలి. టర్న్ బేస్డ్ ఆటలు ఇష్టపడేవాళ్లలో చాలామంది, తొందరపెట్టకుండా ఆలోచించుకోనిస్తుందనే వీటి దగ్గరికొస్తారు. అలాంటివాళ్లు ఇందులో స్టోరీ మోడ్ పెట్టుకుంటే టైమింగ్‌లో వెసులుబాటు ఎక్కువ దొరుకుతుంది.

ఇక ఎంపిక. ఓడిపోతే ఆలోచన మొదలయ్యే మనిషైతే నాక్టర్న్, ఎంగేజ్, ఒరిజినల్ సిన్ 2 వైపు చూడండి. వాటిలో ఎంగేజ్ మొదలుపెట్టడానికి తేలిక. ఫైట్ గోడలా అనిపించే మనిషైతే ట్రెయిల్స్, డ్రాగన్ క్వెస్ట్ 11, లేదంటే తేలిక మోడ్‌లో బాల్డర్స్ గేట్ 3. మనుషుల సాంగత్యం కోసమైతే పర్సోనా 5 రాయల్, త్రీ హౌసెస్. సమయం తక్కువైతే అండర్‌టేల్. ఏదీ తేల్చుకోలేకపోతే ఫైనల్ ఫాంటసీ 10, యునలెస్కా దగ్గర కాస్త ఓపిక పట్టాలని గుర్తుపెట్టుకుని.

కొనేముందు డెమో దొరుకుతుందేమో చూడండి. డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్, ఆక్టోపాథ్ రెండో భాగం, మెటఫర్ మూడింటికీ డెమోలు వచ్చాయి, ఆడిన సేవ్‌ని పూర్తి ఆటలోకి తీసుకెళ్లొచ్చు కూడా. డెమో లేకపోతే ఆట మధ్యభాగం నుంచి ఎవరైనా ఆడుతున్న వీడియో ఒకటి తెరవండి. ట్రైలర్ వద్దు, ఎడిట్ చేయని పొడవైన వీడియో కావాలి. కథ తెలిసిపోతుందనుకుంటే సౌండ్ తీసేసి చూడండి. ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు ఫైట్‌లోకి వెళ్తున్నారు, ఒక్కో ఫైట్ ఎంతసేపు పడుతోంది, మధ్యలో ఏం చేస్తున్నారు అన్నది గమనించండి. చూస్తుంటే కంట్రోలర్ మీ చేతిలో ఉంటే బాగుండు అనిపిస్తే కొనేయండి. వీడియోని ముందుకు జరపాలనిపిస్తే, జరపాలనిపించింది ఫైట్ దగ్గరా, మాటల దగ్గరా అన్నది చూసుకుని ఇంకో పేరు వెతకండి.